పద్దెనిమిది మీటర్లకు సరిపోయే కెమెరా

ఏప్రిల్ 3

కెమెరా కొట్టతనికి ఓపిక ఎక్కువ. నాకు లేదు. అరగంటసేపు ఒక్కో కెమెరానూ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి చూపిస్తుంటే, ఏదో ఒకటి ఇచ్చెయ్యవయ్యా అనబోయి ఆగాను.

"నీళ్ళలో తీయడం ఇదే మొదలా మేడమ్?"

"ఇదే."

"ఏం తీస్తారు?"

"చేపలు."

"ఎంత లోతులో?"

"పద్దెనిమిది మీటర్లు."

అతను తలెత్తి చూశాడు. మొదటిసారి కొనేవాళ్ళెవరూ అంత కచ్చితంగా చెప్పరట. 'కొంచెం లోతు' అంటారట.

బల్ల మీద చివరికి మూడు మిగిలాయి. ఒకటి చేతిలో ఇమిడే చిన్నది. డబ్బా అక్కర్లేదు, ఉన్నపళంగా నీళ్ళలో ముంచొచ్చు, కానీ పదిహేను మీటర్ల వరకే. "పదిహేనని రాసుంటే పన్నెండు దగ్గరే ఆగాలండీ. రాసినవాడు మనతోపాటు దిగడు కదా," అన్నాడు. రెండోది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, సైకిళ్ళ పందేలవాళ్ళు నెత్తిన తగిలించుకునే రకం. ఒంటిగా అయితే పది మీటర్లు, గట్టి డబ్బాలో పెడితే అరవై. మూడోదాని డబ్బా నా తలకాయంత ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని దాన్ని చూడను కూడా లేదు.

"ఏ కెమెరా మంచిదని అడక్కండి మేడమ్. మీరేం చూడాలో ముందు తేల్చుకోండి. కెమెరా దానంతటదే తేలుతుంది."

ఏం చూడాలో నాకు తెలుసు. పంపుహౌసు కింద, జలాశయం నీళ్ళు గొట్టంలోకి పోయేచోట ఇనుప ఊచల జాలీ ఉంది. దానికి పట్టిన నాచు గీకడానికి దిగే అన్నయ్య సెప్టెంబరులో అక్కడే పాత చేపల వలలో కాళ్ళు చిక్కుకుని పోయాడు. పైన తాడు పట్టుకున్నది నేను. విచారణ కాగితంలో ఒకే వాక్యం రాశారు: 'తాడు అడుగున ఎక్కడో పట్టుబడి ఉండవచ్చు, అందువల్ల సంకేతం పైకి అందకపోయి ఉండవచ్చు.' ఎక్కడ పట్టుబడిందో ఎవరూ వెతకలేదు. అది చూపించే ఫొటో ఒక్కటి చాలు నాకు. వదినకు చూపిస్తాను.

ఆ రోజు తాడు కదల్లేదు. ఏడు నెలలుగా ఇదే చెబుతున్నాను. అసలు కదల్లేదు.

ఏప్రిల్ 4

డాబా మీద బట్టలు ఆరేస్తుంటే దండెం చేతిలో గుంజింది. అవతలి కొసన ఎవరూ లేరు. గాలి.

ఏప్రిల్ 7

వదిన మళ్ళీ అడిగింది. ఏడు నెలల్లో ఇది నాలుగోసారి. అవే మాటలు, అదే గొంతు. నేను సిలిండర్ల గదికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. తాడు పని మానేశాక నన్ను గాలి నింపే గదిలో వేశారు.

"తాడు కదల్లేదంటావు."

"కదల్లేదు వదినా."

"ఒక్కసారి కూడా."

"ఎన్నిసార్లు చెప్పాలి?"

నిద్రలేక ఆమె కళ్ళకింద నల్లగా కమిలిపోయింది. రోజూ తెల్లవార్లూ ముందుగదిలో కుర్చీలో కూర్చునే ఉంటుంది. అన్నయ్య పోయినా నన్ను ఇంట్లోంచి పొమ్మనలేదు, కంచంలో తక్కువ చేయలేదు. అనుమానం మాత్రం ఉంది. లేకపోతే ఊరికే ఎందుకు అడుగుతుంది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడానికి నేనేమీ దొంగను కాను. కానీ ఆమె అడిగిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం వెళ్ళి రెండోది కొనేశాను. సైకిళ్ళవాళ్ళది, గట్టి డబ్బాతో సహా. పక్కన బిగించే చిన్న లైటు కూడా. ఎర్ర అద్దం ఒకటి పెడతానన్నాడు. లోతుకి పోయేకొద్దీ నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయట, ఎర్ర చొక్కా కూడా బూడిదరంగులో కనిపిస్తుందట. "కానీ మురికి నీళ్ళయితే అద్దం దండగ. లైటు చాలు," అని మళ్ళీ తనే తీసి లోపల పెట్టాడు. వ్యాపారం తెలియని మనిషి.

అన్నయ్య ఒంటి మీద ఆ రోజు ఎర్ర తొడుగే ఉంది.

ఏప్రిల్ 9

కొత్త డబ్బా కొన్నవాళ్ళు మొదటిసారి కెమెరా పెట్టి ముంచకూడదట. లోపల కాగితం రుమాలు ఒకటి మడిచి పెట్టి, ఖాళీ డబ్బాను దించాలి. రుమాలు పొడిగా వస్తే కెమెరాకు అర్హత వచ్చినట్టు. మూత చుట్టూ ఉండే రబ్బరు చుట్టను వేలితో తడిమి చూసుకోవాలి. ఒక్క వెంట్రుక అడ్డం పడినా చాలు, నీళ్ళు దారి వెతుక్కుంటాయి.

స్నానాల గదిలో బకెట్లో ముంచి చూశాను. రుమాలు పొడిగానే ఉంది. మళ్ళీ చూశాను. ఆరుసార్లు చూశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని అన్నయ్య ఉంటే ఏడిపించేవాడు.

ఏప్రిల్ 11

పెద్ద డైవరు పంపుహౌసు మెట్ల మీద కూర్చుని రెక్కల చెప్పులకు పట్టీ కుడుతున్నాడు. మా అందరికీ నీళ్ళలో దిగే పనీ, తాడు పనీ ఆయనే నేర్పాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. నా చేతిలో డబ్బా చూశాడు.

"ఏంటి తల్లీ అది?"

"కెమెరా డబ్బా బాబాయ్. చేపల్ని తీద్దామని."

"ఈ నీళ్ళలో చేపలు నిన్ను చూడాలే గానీ నువ్వు వాటిని చూడలేవు." పట్టీ దారం పంటితో తెంపాడు. "పంపులు పదీ ముప్ఫైకి ఆపుతారు. పదకొండు లోపల నీ పని కానిచ్చుకో."

అంతకుమించి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

పంపుహౌసు అరుగు అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను. డబ్బాకు ఇనుప బిళ్ళ ఒకటి బరువు కట్టి, కొత్త తాడుకు తగిలించాను. మీటరుకో ముడి. లెక్కపెడుతూ వదిలాను. ఆరో ముడి దాకా డబ్బా కనిపించింది. తర్వాత ఆకుపచ్చ, తర్వాత నలుపు. పద్దెనిమిదో ముడి దగ్గర ఆపాను.

తాడు ఒకసారి లాగింది.

మా పనిలో ఒకటంటే 'బాగున్నాను'. రెండంటే తాడు వదులు చెయ్యి. మూడంటే బిగించు. నాలుగంటే పైకి లాగు. కింది నుంచి ఏది వచ్చినా పైవాళ్ళు అదే తిరిగి లాగి, అందిందని చెప్పాలి. పదకొండేళ్ళు చేసిన చెయ్యి. నాకు తెలియకుండానే తిరిగి ఒకసారి లాగింది.

అప్పుడు భయమేసింది. గబగబా పైకి చుట్టేశాను. రుమాలు పొడిగా ఉంది.

అడుగున ప్రవాహాలుంటాయి. డబ్బాలో గాలి ఉంటుంది, అది ఊగుతుంది. చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

ఏప్రిల్ 12

నిద్రపోతున్నప్పుడు కుడి మణికట్టు గుంజింది.

ఏప్రిల్ 14

కెమెరా పెట్టి దించాను. ఈరోజు ఏ గుంజుడూ లేదు. చూశావా, అంతా నా చాదస్తమే.

కానీ వీడియో నిండా మంచు. నిజంగా మంచే, తెల్లటి రవ్వలు గిరగిరా తిరుగుతూ. ఒక్క ఊచ కనిపించలేదు. కొట్టతనికి చూపిస్తే నవ్వాడు.

"అందరూ చేసే తప్పే మేడమ్. లైటుని కెమెరా పక్కనే బిగించారు. నీళ్ళలో మట్టి ఉంటుంది కదా, వెలుగు దాని మీదపడి తిన్నగా మీ అద్దంలోకే తిరిగొస్తుంది. లైటుని మూరెడు దూరంగా, పక్కనుంచి పడేలా పెట్టండి. చూడాల్సినదానికి దగ్గరగా వెళ్ళండి. దూరం నుంచి చూస్తే నీళ్ళే కనబడతాయి, వస్తువు కనబడదు."

రేకు కడ్డీ ఒకటి వంచి, దాని చివర లైటు బిగించి ఇచ్చాడు. వస్తుంటే అడిగాడు, "చేపలు ఒక్కచోటే ఉంటాయా మేడమ్? ఎప్పుడూ పద్దెనిమిదే అంటారు."

నవ్వేసి వచ్చేశాను.

ఏప్రిల్ 18

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది ముప్ఫై అయిదుకి దించాను. జాలీ కింద జానెడు వెడల్పు సిమెంటు గట్టు ఉంది. బరువు దాని మీద ఆనింది, చేతికి తెలిసింది. తాడు కాస్త వదులు చేశాను. కెమెరా కదలకుండా నిలబడాలంటే అలాగే చెయ్యాలి. నీళ్ళు పలకలా ఉన్నాయి. గాలి లేదు. పంపులు ఆగి ఉన్నాయి. పెద్ద డైవరు మెట్ల మీదే ఉన్నాడు, నా దగ్గర్నుంచి ముప్ఫై అడుగులు.

పది నలభైకి తాడు నాలుగుసార్లు లాగింది.

నేను తిరిగి లాగలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. తాడు మోకాళ్ళ మీద పడి ఉంది. మళ్ళీ నాలుగు. మోకాళ్ళ మీద పాకినట్టు స్పష్టంగా.

"ఏం తల్లీ?" అన్నాడు పెద్ద డైవరు.

"ఏం లేదు బాబాయ్."

ఏం లేదు. ఏం లేదన్నాను. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఏప్రిల్ 19

వీడియో ఇంకా చూడలేదు. ఛార్జింగు లేదు.

ఛార్జింగు ఉంది.

ఏప్రిల్ 21

చూశాను.

చాలా బాగా వచ్చింది. మొదటిసారి తీసేవాళ్ళకి ఇంత బాగా రాదని కొట్టతను అంటాడేమో. లైటు పక్కనుంచి పడి జాలీ మొత్తం కనిపిస్తోంది. ఊచలు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. కొక్కెం లేదు, విరిగిన ముక్క లేదు, పొడుచుకొచ్చిన మేకు లేదు. గొట్టం గోడ కూడా నున్నటి సిమెంటు. తాడు పట్టుబడే చోటంటూ ఏదీ లేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

కెమెరా గట్టు మీద కదలకుండా కూర్చుంది. నేను వదులు చేసిన తాడు ఉచ్చులా వంగి అద్దం ముందుకు జారింది. కాసేపు ఒక ఊచ మీద ఆనింది. తర్వాత, పది నలభైకి, ఆ ఉచ్చు బిగిసింది. వదులైంది. బిగిసింది. వదులైంది. నాలుగుసార్లు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. కెమెరా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అడుగున ఉన్న కొస కదలకుండా తాడు మధ్యలో ఎలా లాగుతుంది?

ఆపేసి పంపుహౌసుకి వెళ్ళాను. పెద్ద డైవరును అడిగేశాను.

"అన్నయ్యని పైకి తెచ్చింది మీరే కదా. తాడు ఎక్కడ పట్టుబడింది?"

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు.

"వల కాళ్ళకు చుట్టుకుంది తల్లీ. తాడుకు కాదు. తాడు నిటారుగా నా పక్కనే ఉంది, దాన్ని పట్టుకునే దిగాను. విచారణలో నన్ను వల గురించే అడిగారు. తాడు గురించి నిన్నడిగారు."

"మరి నాతో ఎందుకనలేదు?"

"నువ్వు అడగలేదుగా."

తాడు కదిలిందేమో కాస్త. ఒకసారి. అల వచ్చి తగిలి ఉంటుంది.

ఏప్రిల్ 22

ఉచ్చు ఊచ మీద ఆనిన క్షణాన్ని ఆపి చూస్తే, అచ్చం తాడు ఊచకు పట్టుబడినట్టే ఉంది. ఒక్క ఫొటోగా తీస్తే ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 24

ఫొటో పెద్దగా అచ్చు వేయించి వదినకిచ్చాను. ఇంతకాలం అనుకున్నది ఇదే. ఆమె చూసి, 'అయ్యో, నీ తప్పేం లేదమ్మా' అంటుందనుకున్నాను.

వదిన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. ఎంతసేపు చూసిందో. వేలితో తాడు వెంట గీసింది.

"అంటే ఆయన లాగినా నీకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు వదినా."

"లాగాడని మాత్రం ఇందులో లేదు."

నాకు అర్థం కాలేదు. ఫొటోలో ఎలా ఉంటుంది అన్నాను. వదిన కుర్చీలో కూర్చుంది. నా మొహం చూడకుండా, ఫొటోతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"ఆ పొద్దున మేం దెబ్బలాడుకున్నాం. నువ్వు ముందే వెళ్ళిపోయావు. ఏదో చిన్న విషయం, ఇప్పుడు గుర్తు కూడా లేదు. నోరు జారాను. 'మీరు తిరిగి రాకపోయినా నాకేం బెంగ లేదు' అన్నాను. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసేవాడు కదా. ఆ రోజు వెయ్యలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు."

"వదినా."

"తాడు కదల్లేదని నువ్వు చెప్పావు. వల కాళ్ళకు చుట్టుకుంటే ఎవరైనా తాడు లాగుతారు కదమ్మాయ్. ఆయన లాగలేదు. నా మాట పట్టుకుని ఊరుకున్నాడు. నిన్ను అందుకే అడుగుతుంటాను, ఒక్కసారైనా కదిలిందేమోనని." ఫొటో నాకు తిరిగి ఇచ్చేసింది. "ఇది చూస్తే కొంచెం ఆశ పుట్టింది. కానీ ఆశే. లాగి ఉండొచ్చు, లాగకపోయి ఉండొచ్చు."

అనుమానం నా మీద కాదు. ఏడు నెలలుగా ఆమె కుర్చీలో కూర్చుని తనను తాను నరుక్కుంటోంది. ఆ కత్తి అందించింది నేను.

ఏప్రిల్ 25

తాడు కదిలింది.

ఇక్కడైనా రాయకపోతే నేను మనిషిని కాను.

అన్నయ్యకు ఒక వెధవ అలవాటు ఉండేది. నేను తాడు పట్టుకుని కునుకు తీస్తున్నానని అనుమానం వస్తే చాలు, అడుగు నుంచి నాలుగుసార్లు లాగేవాడు. నేను హడలిపోయి, కేకలేసి, పెద్ద డైవర్ని దింపబోయేలోగా తనే పైకి తేలి, "మొద్దూ, మెలకువొచ్చిందా?" అని నవ్వేవాడు. పెద్ద డైవరు తిట్టినా మానలేదు. ఆ వారంలో రెండుసార్లు చేశాడు. రెండోసారి వేడి టీ నా చేతి మీద ఒలికి బొబ్బలెక్కింది. ఇంకోసారి చేస్తే పలకనని చెప్పాను. చెప్పి మరీ ఊరుకున్నాను.

ఆ రోజు పది నలభైకి నాలుగు వచ్చాయి. నేను తిరిగి నాలుగు లాగలేదు. ఒకటి లాగాను. బాగానే ఉన్నావులే అని.

మళ్ళీ నాలుగు. ఈసారి గట్టిగా. నీ ఆటలు నా దగ్గరా అనుకుని తాడు తీసి అరుగు కమ్మీకి ముడేసి, ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు తాడు నా చేతిలో లేదు. కమ్మీ మీద ముడి ఎగిరెగిరి పడటం చూశాను. నాలుగుసార్లు. తర్వాత ఆగిపోయింది.

ఆగినందుకు సంతోషించాను. బుద్ధొచ్చిందనుకున్నాను. టీ మొత్తం తాగాను. పెద్ద డైవరు ముప్ఫై అడుగుల దూరంలో, ఒంటికి సిలిండరు కట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. నేను ఒక్క కేక వేస్తే చాలు.

ఆ రోజు నుంచి చేతి కింద ఏ తాడు కదిలినా నాకు తెలుసు. దాన్ని గాలి అన్నాను, అల అన్నాను, డబ్బాలో గాలి అన్నాను. పద్దెనిమిది మీటర్లకు సరిపోయే కెమెరా కొన్నాను. చూడాల్సింది పైన ఉంటే అడుగుకు దించాను.

వదినకు చెబితే ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. నా మొహం చూడదు. చెప్పకపోతే నన్ను చూస్తుంది, కంచం పెడుతుంది, కుర్చీలో కూర్చుని కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. మింగలేను, కక్కలేను. నాకు ఆమె తప్ప ఎవరున్నారు?

ఏప్రిల్ 26, మధ్యాహ్నం

చెప్పాను.

వదిన వంటింట్లో గిన్నెలు తోముతోంది. గుమ్మంలో నిలబడి, ఫొటో అబద్ధం, తాడు కదిలింది అన్నాను. ఆమె కుళాయి కట్టేసింది. వెనక్కి తిరగలేదు.

"ఎన్నిసార్లు?"

"నాలుగు. మళ్ళీ నాలుగు. మళ్ళీ నాలుగు."

జోకు సంగతీ, టీ సంగతీ, కమ్మీకి ముడేసిన సంగతీ అన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. వదిన తడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది, రెండు చేతులవీ, ఆ పైన ఇంకో రెండు.

"పన్నెండు," అంది.

అప్పుడు తిరిగింది. ఆమె మొహం అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఏడుస్తోంది, కానీ ఏదో బరువు దింపుకున్న మనిషిలా ఉంది.

"పన్నెండుసార్లు ఇంటికి రావాలనుకున్నాడు."

"వదినా, నన్ను..."

"నువ్వు మాట్లాడకు."

నన్ను దాటుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. వెళుతూ నా భుజానికి తగలకుండా పక్కకు ఒదిగి వెళ్ళింది. తలుపు గడియ పడింది.

గంటన్నర అయింది. నేను ముందుగదిలో ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నా బట్టలు సంచీలో సర్దేశాను. లోపల్నుంచి సన్నగా గురక వినిపిస్తోంది. సెప్టెంబరు తర్వాత వదిన నిద్రపోవడం ఇదే మొదలు. లేచాక నన్ను పొమ్మంటే పోతాను. లేచేదాకా మాత్రం ఎవరూ తలుపు కొట్టకుండా కాపలా ఉంటాను.